తాళం ఇచ్చాం... కారేదీ?

ఈమధ్య ఊళ్ళో కాస్త పేరున్న హోటల్ దేనికి వెళ్ళినా గుమ్మంలో ముందు ఎదురయ్యేది వడ్డించే మనిషి కాదండీ, తాళంచెవి కోసం చెయ్యి చాపే అబ్బాయి. కారు ఇంకా పూర్తిగా ఆగనే ఆగదు, తలుపు తీసేస్తాడు. "సార్, వ్యాలే" అంటాడు. వెనకాల నాలుగు కార్లు హారన్లు మోగిస్తుంటాయి. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, నిద్రమొహం పిల్లాణ్ణి లేపి, హ్యాండుబ్యాగు అందుకుని దిగేలోపలే కారు మలుపు తిరిగిపోతుంది. లక్షలు పోసి, బ్యాంకువాడికి నెలనెలా వాయిదాలు కడుతూ కొనుక్కున్న కారు! దాని బదులు మన చేతిలో మిగిలేది అంకె వేసిన చీటీ ముక్క ఒకటి.

రాసేది వ్యాలెట్ అనిట, పలకాల్సింది వ్యాలే అనిట. ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. వెనకటికి దొరలకి బట్టలందించే సొంత నౌకరుని అలా పిలిచేవారు. ఈ గొడవంతా ఎందుకని మా అత్తగారు "కారబ్బాయి" అని పేరు పెట్టేశారు. నాకూ ఆ మాటే నచ్చింది. ఇక్కడా అదే వాడతాను.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. జూబ్లీహిల్స్ రోడ్ నంబరు 36, రోడ్ నంబరు 45, బంజారాహిల్స్‌లో రోడ్ నంబరు 12... ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అటువైపు వెళ్ళి చూడండి. ఒకప్పుడవి ఇళ్ళు. ఒక కుటుంబానికి, మహా అయితే రెండు కార్లకి సరిపోయేలా కట్టుకున్న ఇళ్ళు. ఇప్పుడు అదే ఇంట్లో కింద హోటల్, పైన కాఫీ షాపు, డాబామీద బార్! గోడలు మారలేదు, గేటు మారలేదు, ముందున్న రోడ్డూ పెరగలేదు. 2019లో మెట్రో ఆ దారినే హైటెక్ సిటీ దాకా వెళ్ళింది, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. రాకపోకలు పెరిగాయి, హోటళ్ళూ పెరిగాయి. వందమంది తినే చోట పది కార్లకి జాగా లేకపోతే మిగతావి ఎక్కడికి పోతాయి చెప్పండి? ఎవరి ఇంటి ముందుకో పోతాయి. అది మనకి కనిపించకుండా ఉండటానికే ఈ కారబ్బాయి.

"మా శ్రమ తగ్గిస్తున్నాడు కదమ్మా, దానికీ వంకేనా?" అంటారేమో. నిజమే. వానాకాలంలో, పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు గుమ్మం ముందు దిగడం ఎంత సుఖమో నాకూ తెలుసు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని రెండు సందులు నడిపించుకు రావడం కంటే ఇది నయమే. కానీ ఆ సుఖం మనం కోరుకుంటే ఇవ్వాలి. కోరకపోయినా నెత్తిన పెట్టకూడదు. ఎదురుగా ఖాళీ జాగా కనపడుతూనే ఉంటుంది. "మేమే పెట్టుకుంటాం బాబూ" అంటే కుదరదంటాడు. ఆ జాగాలో ఎర్ర ప్లాస్టిక్ కోను ఒకటి నిలబెట్టి ఉంటుంది. అదేమన్నా హోటల్ వాడి పెరడా అంటే కాదు, కార్పొరేషన్ వేసిన రోడ్డు! మనం పన్ను కట్టిన రోడ్డు మీద మనం కారు ఆపుకోవడానికి వీల్లేదు. అదే జాగాలో మన కారు వాళ్ళు ఆపితే మాత్రం వందో నూటయాభయ్యో ఇచ్చుకోవాలి. కొన్నిచోట్ల ఊరికేనంటారు. ఊరికే అన్నచోట ఇచ్చేటప్పుడు అబ్బాయి అలా నిలబడే ఉంటాడు, మావారు జేబు తడుముకుంటూనే ఉంటారు. పూర్వం చిల్లర లేదని తప్పించుకునేవారు. ఇప్పుడు ఆ అబ్బాయి మెడలోనే ఫోన్‌పే బొమ్మ వేలాడుతోంది.

ఇక తిని బయటకొచ్చాక మొదలవుతుంది అసలు కథ. చీటీ ఇస్తాం. "ఫైవ్ మినిట్స్ మేడమ్" అంటాడు. ఆ అయిదు నిమిషాలు ఏ గడియారంలోవో నాకు ఇప్పటిదాకా అర్థం కాలేదు! కుక్కర్ మూడు కూతలేస్తే పప్పు ఉడికిందని చెప్పగలను కానీ, కారబ్బాయి అయిదు నిమిషాలకి లెక్క చెప్పలేను. పెళ్ళిళ్ళలో మరీను. రాత్రి తొమ్మిదిన్నరకి భోజనాలయ్యాక అందరూ ఒక్కసారే బయటికొస్తారు. రెండు వందల కార్లు, పదిమంది అబ్బాయిలు. పట్టుచీరల్లో, నగలతో, చేతిలో తాంబూలం సంచులతో రోడ్డు మీద ముప్పావుగంట నిలబడాలి. ఒంటిమీద బంగారంతో చీకట్లో అలా నిలబెట్టడం మర్యాదా? పిలిచినవాళ్ళు లోపల ఫోటోలు దిగుతూ ఉంటారు, వాళ్ళకి ఈ సంగతి తెలియనే తెలియదు.

పోయిన ఏడాది మా అత్తగారి పుట్టినరోజుకి ఒక హోటల్‌కి వెళ్ళాం. ఆవిడకి చక్కెర జబ్బు, భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ మందు సంచీ వెనక సీటులో ఉంది. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని దించి, మెట్లెక్కించి, నేను సంచీ కోసం వెనక్కి తిరిగేసరికి కారు లేదు. "ఆగు బాబూ" అని అరుస్తూనే ఉన్నాను. కౌంటర్లో చెప్తే వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడాడు. బండి ఏదో స్కూలు వెనక సందులో పెట్టారట, దాని ముందు ఇంకో మూడు బళ్ళు పెట్టారట, వాటి తాళాలున్న అబ్బాయి భోజనానికి వెళ్ళాడట! లోపల బల్లమీద వేడివేడి పులావు వడ్డించేశారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, మనవలు తింటుంటే చూస్తూ కూర్చున్నారు. ముప్పయ్యయిదు నిమిషాలు. "నాకు ఆకలిగా లేదే" అంటారు పైకి. ఆ వయసులో, ఆ జబ్బుతో, వేళతప్పితే కళ్ళు తిరుగుతాయని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. సంచీ వచ్చాక మేనేజరుగారు ఉచితంగా ఐస్‌క్రీమ్ పంపించారు. చక్కెర జబ్బు మనిషికి ఐస్‌క్రీమ్!

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. కారు ఆగే సందు మొదట్లోనే మందులు, కళ్ళజోడు, ఫోను, పర్సు, పిల్లల సామాను అన్నీ ఒళ్ళోకి వచ్చేయాలి. గుమ్మం దగ్గర వెతుకులాట ఉండకూడదు. మా చిన్నవాడు దీనికి "అమ్మ చెకింగ్" అని పేరు పెట్టి వెక్కిరిస్తాడు. వెక్కిరించుకోనీండి.

తాళాల సంగతి కూడా చెప్పాలి. చాలామంది ఇళ్ళల్లో కారు తాళం, ఇంటి తాళం, బీరువా తాళం అన్నీ ఒకే గుత్తికి ఉంటాయి. వెంకటేశ్వరస్వామి బొమ్మ కూడా దానికే. ఆ గుత్తి అలాగే తీసి ఇచ్చేస్తారు! కారు సొరుగులో ఆర్సీ కాయితం ఉంటుంది, దానిమీద మన ఇంటి అడ్రసు ఉంటుంది. మనం రెండు గంటలు ఇంట్లో ఉండమని ఆ అబ్బాయికి తెలుసు. అందరూ దొంగలని నేననను, పొట్టకూటికి నిలబడ్డ పిల్లలు వాళ్ళు. కానీ మన పనిమనిషికి, ఎంత నమ్మకస్తురాలైనా, బీరువా తాళం ఇచ్చి ఊరెళ్తామా? కారు తాళం ఒక్కటీ విడిగా ఊడొచ్చేలా రింగు పెట్టుకుంటే పోతుంది. ముప్పయి రూపాయల వస్తువు.

గీతల సంగతి మీకు చెప్పక్కర్లేదు. పొద్దున్న కారు తుడిచేవాడు వచ్చి "అమ్మా, ఇక్కడ గీసుకుపోయింది" అనేదాకా మనకి తెలియదు. వెళ్ళి అడిగితే "మా దగ్గర జరగలేదు సార్" అంటారు. రాత్రిపూట, అరకొర వెలుతురులో, వెనక హారన్ల మధ్య ఎవరు చూసుకుంటారు? ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. ఉంది కానీ చిన్న గీతకి క్లెయిము పెడితే, ఏటా పెరుగుతూ వచ్చిన నో క్లెయిమ్ బోనస్ ఎగిరిపోతుంది. అయిదేళ్ళు క్లెయిము లేకపోతే అది 50 శాతం దాకా వెళ్తుంది. వెయ్యి రూపాయల రంగు కోసం దాన్ని పోగొట్టుకోలేం. అందుకే మా అమ్మాయి దిగగానే ఫోనుతో కారు చుట్టూ ఒక వీడియో తీసేస్తుంది. అర నిమిషం పని. మీటరు మీద కిలోమీటర్ల అంకె కూడా పడేలా తీస్తుంది. తను అలా తీస్తుంటే కారబ్బాయి బండి నడిపే తీరే మారిపోతుంది, గమనించాను. తిరిగొచ్చాక కూడా ఆ దీపాల కిందే ఒకసారి చుట్టూ తిరిగి చూసుకుని ఎక్కాలి. వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనీండి.

చలాన్ల గొడవ ఇంకొకటి. మా మరిదిగారికి ఒకరోజు ఫోనులో పోలీసు చలాను వచ్చింది. పార్కింగ్ కూడదన్న చోట కారు పెట్టారని, ఫోటోతో సహా. ఆయన ఆ వీధి మొహమే ఎరగరు! తీరా చూస్తే ఆ రాత్రి ఫలానా హోటల్లో భోంచేస్తున్న సమయం. మా తోటికోడలు తెలివైనది. కూరగాయల చీటీ కూడా పారెయ్యదు, డబ్బాలో దాస్తుంది. హోటల్ బిల్లు తీసింది, దానిమీద టైము అచ్చయి ఉంది. చలాను మీద టైము ఉంది. రెండూ పట్టుకుని ఇద్దరూ హోటల్‌కి వెళ్తే మేనేజరు మారుమాట్లాడకుండా డబ్బు ఇచ్చాడు. బిల్లే లేకపోతే? బండి నంబరు మనది, జరిమానా మనదే. కాబట్టి ఆ బిల్లూ, చీటీ రెండో సగమూ నాలుగు రోజులపాటు పారెయ్యకండి.

ఆ చీటీ వెనక ఎప్పుడన్నా చదివారా? చీమ తలకాయంత అక్షరాలతో "పోయినా, చెడినా మా బాధ్యత లేదు, అంతా యజమాని పూచీయే" అని ఇంగ్లీషులో ఉంటుంది. అది చూసి నోరు మూసుకునేవాళ్ళే ఎక్కువ. ఇక్కడ మీకు ఒక కేసు చెప్తాను, వంటపని కాస్త ఆపి వినండి.

1998 ఆగస్టులో ఢిల్లీలో ఒకాయన తన మారుతి జెన్ కారు వేసుకుని తాజ్ మహల్ హోటల్‌కి వెళ్ళాడు. తాళం కారబ్బాయికిచ్చి లోపలికెళ్ళాడు. అర్ధరాత్రి దాటాక వచ్చి అడిగితే కారు లేదు. ఇంకో కారులో వచ్చిన కుర్రాళ్ళలో ఒకడు అక్కడ బల్లమీదున్న తాళం తీసుకుని దర్జాగా నడుపుకుపోయాడు! ఇన్సూరెన్స్ కంపెనీ ఆయనకి 2 లక్షల 80 వేలు కట్టి, ఆయనతో కలిసి హోటల్ మీద వినియోగదారుల కేసు వేసింది. హోటల్‌వాళ్ళు చీటీ వెనక రాత చూపించారు. కేసు మెట్లెక్కి మెట్లెక్కి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2019 నవంబరులో తీర్పొచ్చింది. తాళంతో సహా కారు అప్పగించాక దాన్ని జాగ్రత్తగా చూసి తిరిగివ్వాల్సిన బాధ్యత హోటల్‌దేనని, అజాగ్రత్తగా ఉండి చీటీ మీద ఏదో అచ్చేసుకున్నంత మాత్రాన తప్పించుకోలేరని చెప్పింది. తాము జాగ్రత్తగానే ఉన్నామని రుజువు చేసుకోవాల్సింది కూడా హోటల్‌వాళ్ళే. విడిగా డబ్బు పుచ్చుకోలేదు కదా అంటే, తిండికీ గదికీ వేసే ధరల్లోనే అది కలిసి ఉంటుంది పొమ్మంది. ఇది కొత్త చట్టమేమీ కాదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. ఒకరి వస్తువు మన దగ్గర పెట్టుకుంటే మన సొంత వస్తువుని చూసుకున్నట్టు చూసుకోవాలని. పక్కింటావిడ ఊరెళ్తూ కుంకుమ భరిణె దాచమని ఇస్తే మనం చేసేది అదే కదా!

అయితే ఒక్క మాట. ఇది తాళం వాళ్ళ చేతికిచ్చినప్పటి సంగతి. మనమే పెట్టుకుని తాళం జేబులో వేసుకుంటే లెక్క వేరు. హోటల్‌వాళ్ళు మొండికేస్తే 1915కి ఫోన్ చెయ్యండి, అది కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల నంబరు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు, రెండేళ్ళలోపు వెయ్యాలి. లాయరు లేకుండా మీరే వెళ్ళి చెప్పుకోవచ్చు. కారే పోతే మాత్రం ముందు పోలీసు స్టేషను. ఎఫ్.ఐ.ఆర్. లేకుండా ఇన్సూరెన్స్ వాళ్ళు కదలరు, పైగా రెండు తాళాలూ తెమ్మంటారు. ఇంట్లో ఉండాల్సిన ఆ రెండో తాళం ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. మాది దేవుడి గదిలో కుందుల పెట్టెలో దొరికింది!

ఇందాక ఎవరి ఇంటి ముందుకో అన్నాను చూడండి. ఆ ఎవరో మా పిన్ని. బాబాయి రిటైరవ్వకముందు, ఆ చుట్టుపక్కల రాళ్ళగుట్టలు తప్ప ఏమీ లేనప్పుడు కొనుక్కున్న స్థలం. ఇప్పుడు వెనకవీధిలో రెండు హోటళ్ళు. బాబాయికి వారానికి మూడుసార్లు డయాలసిస్. శనివారం వంతు సాయంత్రం పడుతుంది, ఇంటికొచ్చేసరికి తొమ్మిది. డయాలసిస్ అయ్యాక మనిషి పిండేసిన బట్టలా ఉంటాడు. సరిగ్గా ఆ వేళకి గేటుకి అడ్డంగా పెద్ద కారు. ఎవరిదో తెలియదు, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. కారు యజమాని లోపల భోంచేస్తున్నాడు, తన బండి ఎవరింటి ముందుందో పాపం ఆయనకీ తెలియదు. పిన్ని నైటీమీద చున్నీ వేసుకుని హోటల్ గుమ్మం దాకా పరుగెత్తాలి. డెబ్భై ఏళ్ళావిడ. బాబాయి కారులోనే తల వెనక్కి వాల్చి కూర్చుంటాడు, ఇల్లు ఎదురుగుండా కనపడుతూ ఉంటుంది.

వీధిలో వాళ్ళంతా కలిసి ఫోటోలు తీసి ట్రాఫిక్ పోలీసులకి అర్జీ ఇచ్చారు. క్రేన్ వచ్చి రెండు కార్లు ఎత్తుకెళ్ళింది. పదిరోజులు బాగానే ఉంది, మళ్ళీ మొదలు. చివరికి పిన్నే ఒక ఉపాయం చేసింది. హోటల్ గుమ్మంలో ఉండే కారబ్బాయిని ఒకరోజు లోపలికి పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆ అబ్బాయిది ఒడిశా. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి రెండింటిదాకా నిలబడే ఉద్యోగం, కూర్చోడానికి స్టూలు కూడా ఇవ్వరట. బండికి గీత పడితే కాంట్రాక్టరు జీతంలో కోస్తాడట. బాబాయిని చూపించి "ఈయన శనివారాలు తొమ్మిదింటికి వస్తారు నాయనా" అంది. ఇప్పుడు శనివారం ఆ గేటు ముందు ఎర్ర కోను ఆ అబ్బాయే తెచ్చి పెడతాడు. హోటల్ కోనే! కానీ అబ్బాయి మారితే? అందుకని అర్జీ మీద అర్జీ వేస్తూనే ఉంది మా పిన్ని. వెయ్యాలి కూడా. ఒక మంచి పిల్లాడి దయమీద ఎన్నాళ్ళు నడుస్తుంది?

చివరగా, ఇది కాస్త ఇబ్బందిగా ఉన్నా రాస్తున్నాను. బార్ ఉన్న హోటళ్ళకి పార్టీలకని మనల్నీ తీసుకెళ్తున్నారు ఈ రోజుల్లో. మగవాళ్ళు ఒక బల్ల, మనం ఒక బల్ల. బయటికొచ్చేసరికి శ్రీవారి మాట కాస్త తేలుతూ ఉంటుంది. కారబ్బాయి కారు తెచ్చి, తలుపు తీసి, వంగి నమస్కారం పెట్టి, తాళం ఎవరి చేతిలో పెడతాడు? ఆయన చేతిలోనే! ఆయన నిలబడలేకపోయినా పెడతాడు. అడ్డు చెప్పే అధికారం ఆ పిల్లాడికి లేదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం అంటోంది చట్టం. అది దాటడానికి పెద్దగా తాగక్కర్లేదు. పది నిమిషాలు రోడ్డు మీద కారు కోసం వెతుక్కుంటూ నడిస్తే చల్లగాలికైనా "ఆటో పిలుద్దామా" అన్న ఆలోచన వచ్చేదేమో. ఇప్పుడు ఆ నడకా లేదు. కుర్చీలోంచి లేచి స్టీరింగు ముందు కూర్చోవడమే. పక్క సీటులో మనం, వెనక నిద్రపోతున్న పిల్లలు.

అందుకని నేనొకటి చేస్తాను. వెళ్ళగానే ఆ చీటీ నేను తీసుకుని నా పర్సులో వేసుకుంటాను. చీటీ ఇచ్చినవాళ్ళకే తాళం ఇస్తారు. మావారు ఆరోజు మంచినీళ్ళు తాగారా సరే, చీటీ ఆయన చేతికిస్తాను. లేదా, కారు రాత్రికి అక్కడే ఉంచుతారా అని కౌంటర్లో అడిగి, ఫోనులో క్యాబ్ పిలుస్తాను. ఒకసారి నలుగురిలో ఆయనకి కోపం కూడా వచ్చింది. "నామీద నమ్మకం లేదా" అన్నారు. "మీమీద ఉందండీ, ఆ గ్లాసుమీద లేదు" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు మా ఇంట్లో. మూడోరోజు గుత్తివంకాయ చేశాను, వచ్చాయి.

విజయవాడ, విశాఖపట్నం వాళ్ళు మీ ఊళ్ళో కారబ్బాయిల సంగతులు రాయండి. పిన్నిలాంటి ఉపాయాలు ఎవరైనా చేసి ఉంటే తప్పకుండా రాయండి, ఆవిడకి చదివి వినిపిస్తాను. వచ్చేవారం గుమ్మడి వడియాలు పెట్టుకుందాం, ఒక బూడిద గుమ్మడికాయ తెచ్చి ఉంచండి.